బూడిదరంగు పెట్టె తాళం ఎవరిది?

మోటారు ఆగి ఉంది, స్టార్టరు ఆఫ్‌లో ఉంది. అయినా యల్లయ్యను చంపిన బోరు పైపు మీద టెస్టరు ఆనించగానే ఎర్ర దీపం వెలిగింది.

డిటెక్టివ్ స్టెల్లా చెయ్యి వెనక్కి తీసుకుంది. చేతులకున్న రబ్బరు తొడుగులు ఒకసారి సరిచూసుకుని, సంచిలోంచి మీటరు తీసింది. ఒక తీగ పైపుకి, ఇంకో తీగ దూరంగా నేలలో దిగ్గొట్టిన ఇనప మేకుకి తగిలించింది. నూట ఎనభై వోల్టులు.

"వెనక్కి పో కొండమ్మక్కా. మేకల్ని కూడా తోలెయ్."

యల్లయ్య భార్య కొండమ్మ మేకల్ని అదిలించి, తను మాత్రం అక్కడే నిలబడింది. "మోటరు ఆడకుండా పైపులోకి కరెంటు యాడ నుంచి వచ్చె తల్లీ?"

"నాకు కావలసింది కూడా అదే."

జీపుకి ఆనుకుని నిలబడ్డ సీఐ ఆనంద్ బాబు నవ్వాడు. "కరెంటు కొట్టి మనిషి చచ్చిపోయినాడని మేం మొన్ననే రాసినాం మేడమ్. మీరు మార్కాపురం నుంచి బేస్తవారిపేట దాకా వచ్చి అదే కరెంటును మళ్లీ కనిపెట్టినారు. సంతోషం."

"మోటారు ఆపి ఉన్నప్పుడు కూడా వస్తోందని రాశారా?"

సీఐ నవ్వు ఆగింది. "ముద్దాయి ఏదో గెలికి ఉంటాడు. వాడు చేసిందానికి నేను లెక్కలు చెప్పాల్నా?"

ముద్దాయి జీపులోనే ఉన్నాడు. పేరు యాసిర్. గిద్దలూరులో ఫోను స్టార్టర్లు తయారుచేసే చిన్న కంపెనీలో బోర్డు డిజైనరు. ఇంట్లో కూర్చుని ఫోను చేస్తే చేలో మోటారు లేస్తుంది. అదీ ఆ స్టార్టరు గొప్ప. యల్లయ్య చనిపోయే ముందు రోజు యాసిర్ ఈ బోరు దగ్గరికి వచ్చి సిమ్ మార్చి వెళ్లాడు. యల్లయ్య చనిపోయిన మర్నాడు వేరే ఊరి చేలో, ఒక చేతిలో బ్లేడు, ఇంకో చేతిలో పీకేసిన బోర్డుతో పోలీసులకు దొరికాడు. సీఐకి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. మార్కాపురంలో గాజుల దుకాణం నడిపే అతని తల్లి జులేఖా, స్టెల్లా ఇంటి గడప మీద కూర్చుని లేవనంది. స్టెల్లా ఈ కేసులోకి వచ్చింది అలాగే.

"శవానికి ఎడమ చెవి కాలింది," అంది స్టెల్లా. "ఎందుకో కనుక్కున్నారా?"

"ఫోన్ మాట్లాడతా పైపుకు ఆనుకున్నాడు."

"ఫోను చొక్కా జేబులో ఉంది, చొక్కా విడిచి స్టార్టరు డబ్బా మీద పెట్టాడు. మీ పంచనామాలోనే ఉంది ఆ మాట. అక్కా, ఆ పొద్దు మీ ఆయన ఇక్కడికి ఎందుకొచ్చినాడు?"

కొండమ్మ పైపు వైపు చూడకుండా చెప్పింది. "నీళ్లు ఏమాత్రం దిగినాయో చూసుకునేదానికి. గులకరాయి లోపలికి ఇడిసి, పైపుకి చెవి పెట్టి ఇంటాడు. టపీమని ఎంత సేపటికి ఇనపడితే అంత లోతు. ఈ ఎండలకు అందరూ అదే పని సేస్తా ఉండారు. మా బావ, మా మరిది, అందరూ."

స్టెల్లా చుట్టూ ఉన్న చేల వైపు చూసింది. వానాకాలంలో ఎవరూ బోరుకి చెవి పెట్టరు. నీళ్లు అడుగంటినప్పుడే పెడతారు. ఇప్పుడు గిద్దలూరు నుంచి కురిచేడు దాకా ప్రతి చేలోనూ పెడుతున్నారు.

ఆమె స్టార్టరు డబ్బా తెరిచింది. లోపల అరచేయంత ఆకుపచ్చ బోర్డు. ఫోను పిలుపు అందుకునేది అదే. దానికి వచ్చే కరెంటు ప్లగ్గు మెల్లగా పీకింది. టెస్టరు మళ్లీ పైపుకి ఆనించింది.

దీపం వెలగలేదు.

ప్లగ్గు పెట్టింది. వెలిగింది. పీకింది. ఆరిపోయింది.

"మోటారు కాదు, తీగలు కాదు," అంది. "ఈ బోర్డు. ఫోను ఎప్పుడొస్తుందోనని ఇది రాత్రింబవళ్లు మేలుకుని ఉంటుంది. అది మేలుకున్నంతసేపూ పైపులో కరెంటు ఉంటుంది."

బోర్డు మధ్యలో నల్లటి లక్క పోసిన చదరం ఉంది. స్టెల్లా మెయిన్ స్విచ్చు ఆపించి, బోర్డు ఊడదీసి, బ్లేడుతో ఆ లక్కను పొరలు పొరలుగా గీకింది. ఎడమ అంచు వెంట సన్నటి రాగి గీత బయటపడింది. కరెంటు వచ్చే ఫేజు తీగ నుంచి బయల్దేరి, నేరుగా ఎర్తు తీగ తగిలించే లోహపు కాలికి పోయింది. ఎర్తు తీగ పోయేది బోరు పైపుకే.

సీఐ వంగి చూశాడు. అతను మొద్దు కాదు. "అంటే ఫేజును పైపులోకి వదిలినాడు. ఉరి తియ్యాల నాకొడుకుని."

"ఒక్క ఈ బోర్డులోనేనా, అన్ని బోర్డుల్లోనా?"

"ముట్టుకున్నది వీడు. లక్క పోసింది వీడు. మేం పట్టుకున్నప్పుడు బ్లేడు వీడి చేతిలోనే ఉంది. ఇంకేం కావాల?"

"అన్నిట్లోనూ ఉంటే? చెవి పెట్టే ప్రతి రైతూ..."

"ఉంటే అని నేను రాయలేను మేడమ్," సీఐ గొంతు పెంచాడు. "ఊరూరా తిరిగి బోర్లు ఆపండి అంటే రైతులు నన్ను చెట్టుకు కడతారు. పైరు చావుబతుకుల్లో ఉంది. అన్నిట్లో ఉందని రుజువు తెండి, కలెక్టరుకు నేనే ఫోన్ చేస్తా. లేదంటే సాయంత్రం కోర్టు, రిమాండు. అంతే."

స్టెల్లా జీపు దగ్గరికి వెళ్లింది. యాసిర్ తలెత్తలేదు.

"బోర్డులు ఎందుకు పీకుతూ తిరిగావు?"

"యల్లయ్య మామ పోయినాడని తెలిసినాక మా దాంట్లోనే ఏదో ఉందనిపించింది అక్కా. రెండే పీకగలిగినా. మూడో చేలో కొట్టినారు. నా మోటరు లేవకపోతే నువ్వు వచ్చి నీళ్లు పోస్తావా అని."

"ఏదో అంటే ఏంటి? డిజైను చేసింది నువ్వే కదా?"

"నేనే. కానీ మధ్యలో, బోర్డుకి కరెంటు ఇచ్చే పవర్ బ్లాకు నాది కాదు. అది తాళం వేసిన ఫైలు. సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే బూడిదరంగు పెట్టె మాదిరి కనపడతాది. చుట్టూ కాళ్లుంటాయి, కాళ్లకు నంబర్లుంటాయి. లోపల ఏముందో కనపడదు. కొన్ని కంపెనీలు వాళ్ల డిజైన్ ఎవరూ కాపీ కొట్టకుండా అట్ల పంపిస్తారు."

"తప్పులుంటే సాఫ్ట్‌వేర్ పట్టుకోదా?"

"తాళం వేసిన పెట్టె లోపలికి అది కూడా తొంగి చూడదు అక్కా. తప్పులు సున్నా అని చూపించింది. నేను నమ్మినా. ఫ్యాక్టరీకి పోయేది కూడా తాళంతోనే పోతాది. వాళ్లు బోర్డు అచ్చేసి, ఆ చదరం మీద లక్క పోసి, ఫైలు చెరిపేస్తారు."

"ఆ ఫైలు నీకెవరిచ్చారు?"

"కరుణాకరం సార్."

"ఆయన నేనివ్వలేదని రాసిచ్చినాడు," సీఐ వెనకనుంచి అన్నాడు.

యాసిర్ మెడ ఇంకా వంగింది. "సార్ అట్లన్నాడా? అయితే ఇంగ వదిలెయ్ అక్కా. పెట్టిన చెయ్యి నాదే కదా. మా అమ్మకు చెప్పు, దుకాణం మూయొద్దని."

*

గిద్దలూరులో ఆ కంపెనీ ఒకే ఒక గది. గోడ పొడవునా బల్ల, దాని మీద కంప్యూటరు. సీఐ తన రుజువుల కోసం కంప్యూటరును స్వాధీనం చేసుకోవాలి కాబట్టి యాసిర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. స్టెల్లా అదే అదనుగా వెనకే వచ్చింది.

కరుణాకరం తలుపు దగ్గరే ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. హైదరాబాదులో పెద్ద కంపెనీలో చేసి, సొంత ప్రాంతానికి ఏదైనా చెయ్యాలని తిరిగొచ్చినవాడు. బేస్తవారిపేట చర్చిలో స్టెల్లా చిన్నప్పుడు పాటలు ఎత్తుకునేది ఆయనే.

"రామ్మా స్టెల్లా. నాయన బాగుండాడా? ఇట్లాంటి పని మీద రావాల్సి వచ్చిందే నువ్వు."

"బాగున్నాడు సార్. తాళం వేసిన ఫైలు ఎవరిది?"

"నేరుగా అడిగేస్తివే." ఆయన కుర్చీ చూపించాడు, తను కూర్చోలేదు. "యాసిర్ తెచ్చుకున్నాడు. ఏ కంపెనీ అని నేను అడగలేదు, అది నా తప్పే. పని చేస్తా ఉందని ఊరుకున్నా."

"సార్..." అన్నాడు యాసిర్.

"మీరు లోపల చూశారా?"

"ఎట్ల చూస్తా తల్లీ? నాకు కనపడేది కూడా ఆ బూడిదరంగు పెట్టే."

"తాళం మాట, అదే పాస్‌వర్డు, మీ దగ్గర లేదు?"

"లేదు."

సీఐ చేతులు కట్టుకున్నాడు. "ఒకరి మాట మీద ఇంకొకరి మాట. అయిపోయిందా మేడమ్? కోర్టు టైమవుతా ఉంది."

స్టెల్లా కంప్యూటరు ముందు కూర్చుంది. స్టార్టరులో ఉండే బోర్డు ఎంత ఉంటుందో అంత ఖాళీ బోర్డు తెర మీద తెరిచింది. కుడి పక్కన నాలుగైదు మామూలు భాగాలు పేర్చింది. ఎడమ పక్క ఖాళీగా వదిలింది.

"పది నిమిషాలు ఇవ్వండి సీఐ గారూ. ఇద్దరూ ఒకే పని చెయ్యాలి. ఆ ఫైలు ఇంపోర్ట్ చేసి మధ్యలో పెట్టాలి. తర్వాత బోర్డును ఇనప డబ్బాకు బిగించడానికి తెర మీదే ఒక స్క్రూ గుర్తు పెట్టాలి. అంతే."

"పరీక్షలు పెడతా ఉండారా?" సీఐ వెక్కిరించాడు. "పాసైనవాడికి బెయిలా?"

"ఫెయిలైనవాడికి మీ జీపు."

కానిస్టేబుల్ యాసిర్ బేడీ ఒక చేతికి విప్పాడు. యాసిర్ ఫైలు ఎంచుకున్నాడు. తాళం మాట అడుగుతూ ఒక గడి వచ్చింది. అతను దాన్ని ఖాళీగా వదిలి ముందుకు పోయాడు. తెర మీద బూడిదరంగు చదరం పడింది. ఎడమవైపు నాలుగు కాళ్లు, కుడివైపు నాలుగు కాళ్లు. ఎడమవైపు ఒకటో కాలి పక్కన చిన్న చుక్క. లోపల ఏమీ లేదు. యాసిర్ స్క్రూను తెచ్చి చదరం ఎడమ అంచుకు ఆనించి పెట్టాడు. అక్కడే ఖాళీ ఉంది మరి.

స్టెల్లా దాన్ని దాచిపెట్టి, మళ్లీ ఖాళీ బోర్డు తెరిచింది. "సార్, మీరు."

కరుణాకరం నవ్వి కూర్చున్నాడు. బూడిదరంగు చదరం వచ్చింది. స్క్రూను పట్టుకుని ఎడమవైపు తెచ్చాడు. అంచు దగ్గర చెయ్యి ఆగింది. స్క్రూ వెనక్కి జరిగింది. బోర్డంతా తిరిగి, కుడివైపు ఇరుకులోకి పోయింది. అక్కడ పట్టలేదు. ఆయన ఒక భాగాన్ని పక్కకి నెట్టి చోటు చేసి, అక్కడ పెట్టాడు.

"ఎడమ పక్కంతా ఖాళీ ఉంది కదా సార్?"

"అందంగా ఉండదని."

"సరే." స్టెల్లా చదరాన్ని సగం చుట్టు తిప్పింది. చుక్క ఇప్పుడు కుడివైపు వచ్చింది. మామూలు భాగాల్ని ఎడమకి మార్చి, కుడివైపంతా ఖాళీ చేసింది. "ఇప్పుడు ఇంకోసారి."

కరుణాకరం ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో కనిపెట్టాలని వెతికాడు. తర్వాత స్క్రూ పట్టుకున్నాడు. కుడివైపు తీసుకుపోయాడు, ఖాళీ అక్కడే ఉంది కాబట్టి. అంచు దగ్గర చెయ్యి మళ్లీ ఆగింది.

ఈసారి అది కదల్లేదు. ఆయన ఎక్కడ ఆగాడో ఆయనకే అర్థమైంది.

స్టెల్లా బ్లేడుతో గీకిన బోర్డును తెర పక్కన పెట్టింది. రాగి గీత చుక్క ఉన్న అంచు వెంటే పోయింది. "ఇనప స్క్రూ ఆ గీతకు తగిలితే డబ్బా అంతా కరెంటు అవుతుంది. యాసిర్‌కి ఆ భయం లేదు, ఎందుకంటే అక్కడ ఏముందో వాడికి తెలియదు. మీరు రెండుసార్లు ఒకే అంచుకు జడిశారు సార్. పెట్టెను తిప్పితే భయం కూడా దానితో తిరిగింది. చూడని గీతకు చెయ్యి జడవదు."

సీఐ తెర దగ్గరికి వచ్చాడు. రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. "యాసిర్ గీసిన మొదటి బోర్డులో స్క్రూ యాడ ఉండె?" అని అడిగాడు.

"ఎడమ అంచుకే సార్," అన్నాడు యాసిర్ నెమ్మదిగా. "కరుణాకరం సారే జరిపించినాడు. బాగలేదు, పక్కకి పెట్టు అని."

"ఇది కోర్టులో నిలబడదు," అన్నాడు సీఐ, కానీ ఆ మాట స్టెల్లాతో కాదు, కరుణాకరంతో. "నిలబడకపోయినా నాకు అర్థమయింది. తాళం తియ్ పెద్దమనిషీ. ఎన్ని పైపుల్లో కరెంటు ఉందో నాకు తెలియాల. లేకుంటే యల్లయ్య తర్వాత పోయే ప్రతివాడినీ నీ పేరు మీదే రాస్తా."

కరుణాకరం కళ్లద్దాలు తీసి, తుడుచుకోకుండానే మళ్లీ పెట్టుకున్నాడు. కీబోర్డు దగ్గరికి జరిగాడు. గడిలో తాళం మాట కొట్టాడు.

బూడిదరంగు పోయింది. లోపలంతా తెరుచుకుంది. చుక్క ఉన్న అంచు వెంట ఎర్ర గీత, ఫేజు నుంచి ఎర్తు దాకా. ఇన్నాళ్లూ సున్నా చూపించిన చోట, కింద ఎర్రటి అక్షరాల్లో పడింది: తప్పులు, ఒకటి.

యాసిర్ ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. "సార్, నాకెందుకు చెప్పలేదు? నేను సరి చేద్దును కదా."

కరుణాకరం కుర్చీలోనే స్టెల్లా వైపు తిరిగాడు.

"రాసుకో అమ్మా, చెప్తా. అన్ని బోర్డుల్లోనూ ఇదే ఉంది. ఒక్కటి కూడా మంచిది లేదు.

"మొదట నేను సక్కంగానే గీసినా. ల్యాబులో బాగా పనిచేసె. చేలోకి పోతే లైను చివర కరెంటు పలచగా ఉంటాది, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ ఉండదు. బోర్డు లేచేది కాదు. ఫోన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. హైదరాబాద్ నుంచి ఊడిపడినాడు, బొమ్మ స్టార్టరు చేసినాడు అని దుకాణంలో నా ముందరే నవ్వినారు. అప్పుడు ఒక ఫేజు తీసుకుని, తిరుగు దారి భూమిలోకి ఇచ్చినా. పైపు ద్వారా. ఇట్ల చెయ్యకూడదని నాకు తెలుసు. మొదటి సంవత్సరం చదివే పిల్లోడికి కూడా తెలుసు. అందుకే తాళం వేసినా. యాసిర్ చూస్తే ఒక్క నిమిషంలో పట్టేసేవాడు. వాడి ముందర తల దించుకోలేక, బయట కంపెనీ పంపినారని చెప్పి ఇచ్చినా.

"వానల్లో చూసినాను అమ్మా. నేల తడిగా ఉంటే కరెంటు భూమిలోకి పోతాది, పైపు మీద ఏమీ నిలవదు. నా చేత్తో నేనే పట్టుకుని చూసినా. ఎండాకాలం వస్తుందని మరిచిపోయినానా అంటే, మరిచిపోలేదు. ఈ నేలలో పుట్టినోడిని, ఎట్ల మరిచిపోతా? ఈలోపల వేరే దారి కనుక్కుందాం అనుకున్నా. కనుక్కోలేదు. ఫిబ్రవరిలో ఒక చేలో దూడ చచ్చిపోయింది, పైపుకు ఒళ్లు రుద్దుకుని. పాము కరిచిందన్నారు. నేనూ పామే అన్నా. ఆ పొద్దే చెప్పి ఉంటే యల్లయ్య బతికుండేవాడు."

"బోర్డులు ఎవరెవరికి పోయినాయి?" సీఐ ఫోను అప్పటికే చేతిలో ఉంది. "ఊళ్ల పేర్లు చెప్పు. కరెంటోళ్లతో లైన్లు ఆపిస్తా."

"బోరు మెకానిక్కులు వచ్చి సంచుల్లో తీసుకుపోతారు సార్. ఎక్కడ బిగిస్తారో వాళ్లే మరిచిపోతారు. మార్కాపురం పక్క, కురిచేడు పక్క, అడివి అంచు దాకా. ఇంకొకటి కూడా చెప్పాల. యల్లయ్య పోయిన తర్వాత కూడా వచ్చినారు. యాసిర్ పీకిన రెండు చేలవాళ్లు వచ్చినారు, పైరు కాయ మీదుంది సార్, మోటరు లేవకపోతే చస్తాం అని కాళ్లు పట్టుకున్నారు. ఇవ్వను అంటే ఎందుకు ఇవ్వవో చెప్పాల. చెప్పలేకపోయినా. మిగిలిన రెండు బోర్డులు తీసి నేనే వాళ్ల చేతుల్లో పెట్టినా.

"వాళ్ల పేర్లేంది, ఏ ఊరు అని అడగలేదు అమ్మా. అడిగితే గుర్తుండిపోతారని."